మెక్సికన్ థీమ్ పార్టీ: టెకీలా కాక్‌టెయిల్స్ ఏవి పెట్టాలి, గ్లాసులు ఏవి కొనాలి?

చిట్టిచిలక:

అందరికీ నమస్తే. మా వారి నలభయ్యో పుట్టినరోజుకి మేడ మీద పార్టీ పెట్టుకుంటున్నాం. మెక్సికన్ థీమ్ అని మా ఆడపడుచు తేల్చేసి, రంగు కాగితాల తోరణాలు కూడా కొనేసింది. డ్రింక్స్ బాధ్యత మాత్రం నా నెత్తిన పడింది. నేను తాగేదే అరకొర, కలపడం అసలే రాదు.

మొత్తం 24 మంది వస్తారు. వాళ్లలో ఆరుగురు మందు ముట్టరు, మా మావగారితో సహా. సాయంత్రం నాలుగున్నరకి మొదలు, ఎనిమిదిన్నరకి భోజనాలు. నెట్‌లో చూసి ఎనిమిది కాక్‌టెయిల్స్ రాసిపెట్టుకున్నాను: మార్గరీటా, పలోమా, టెకీలా సన్‌రైజ్, ఇంకా ఏవేవో. కార్ట్‌లో రెండు డజన్ల మార్గరీటా గ్లాసులు పెట్టాను. సన్నటి కాడ మీద వెడల్పాటి గిన్నెలా ఉంటాయే, అవి. ఒక్కోటి 400 మి.లీ. చూడ్డానికి భలే ఉన్నాయి కానీ పార్టీ అయ్యాక వాటిని ఎక్కడ పెట్టుకోవాలో అర్థం కావట్లేదు. మట్టి కప్పులు కూడా కనిపించాయి. వాటిని మెక్సికోలో నిజంగా వాడతారా, ఫొటోల కోసమేనా?

ఇంట్లో 'గోల్డ్' అని రాసున్న టెకీలా బాటిల్ ఒకటుంది, అది పనికొస్తుందా? అన్నిటికంటే ముఖ్యం, సాయంత్రమంతా కౌంటర్ వెనక నిలబడి షేకర్ ఊపుతూ ఉండటం నావల్ల కాదు. వచ్చినవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడాలి కదా.

మాటకారి:

గ్లాసులు కొనేయండి మేడమ్, ఇంకేం ఆలోచించకండి. మార్గరీటా గ్లాసు లేని మెక్సికన్ పార్టీ పెళ్లికొడుకు లేని పెళ్లి! ఓ బ్లెండర్ పెట్టి ఫ్రోజెన్ మార్గరీటా తిప్పేయండి, షేకర్ గొడవే ఉండదు. సన్‌రైజ్ మాత్రం వదలకండి, ఫొటోల్లో అదిరిపోతుంది.

హలీస్కో_రిటర్న్:

చిట్టిచిలక గారూ, ముందు ఆ కార్ట్ ఖాళీ చేసేయండి. మాటకారి తమ్ముడు ఏమీ అనుకోకపోతే, కారణం కూడా చెప్తాను.

ఉద్యోగం పేరుతో కొన్నేళ్లు గ్వాదలహారాలో ఉన్నాను. హలీస్కో రాష్ట్రానికి రాజధాని అది. టెకీలా అనే ఊరు అక్కణ్నించి కారులో గంట దూరం. అక్కడి ఇళ్లలో, పుట్టినరోజుల్లో, ఆఫీసు పార్టీల్లో నా చేతికి వచ్చినవి చాలావరకు మామూలు నిటారు గాజు గ్లాసులే. మీరు చెప్పిన వెడల్పు గ్లాసు ఎక్కువగా టూరిస్టులు కూర్చునే చోట్ల కనబడేది.

నా అభ్యంతరం దాని అందం గురించి కాదు, సైజు గురించి. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం ఐబీఏ ఇచ్చే మార్గరీటా కొలత ఇదీ: టెకీలా 50 మి.లీ., ట్రిపుల్ సెక్ అనే నారింజ లిక్కర్ 20 మి.లీ., తాజా నిమ్మరసం 15 మి.లీ. ఐస్‌తో షేక్ చేస్తే కరిగిన నీళ్లతో కలిపి 110 మి.లీ. దాకా వస్తుంది. దాన్ని తీసుకెళ్లి 400 మి.లీ. గ్లాసులో పోయండి. అడుగున ఏదో ఒలికినట్టు కనిపిస్తుంది. పోసేవాళ్లకి మొహమాటం వచ్చేస్తుంది, చెయ్యి ఆగదు, ఇంకో అంత పోస్తారు. గ్లాసుకి 100 మి.లీ. టెకీలా వెళ్లిపోయింది. తాగినాయన మాత్రం 'నేను తాగింది ఒక్కటే' అంటాడు, ఆయన లెక్క ఆయనది. ఇలా రెండు తిరిగేసరికి ఆరున్నర. ఎనిమిదిన్నరకి మీరు వడ్డించే భోజనం ఎవరికి రుచి తెలుస్తుంది? గ్లాసు ఎంతుంటే అంత పోస్తాం, పోసిందంతా తాగుతాం. పార్టీ ఎలా నడుస్తుందో సగం గ్లాసులు కొన్నప్పుడే తేలిపోతుంది.

పైగా ఆ గ్లాసు మూతి వెడల్పు, లోతు తక్కువ. మేడ మీద జనం మధ్య నడిస్తే చేతి మీద ఒలుకుతుంది, చల్లదనం త్వరగా పోతుంది, అంచంతా ఉప్పు పూస్తే తాగేవాడికి ఉప్పు తప్ప ఇంకేం తెలీదు.

మీకు కావలసినవి రెండే రకాలు. ఒకటి 300–350 మి.లీ. పట్టే పొడవాటి నిటారు గ్లాసు, హైబాల్ అంటారు. రెండోది 250 మి.లీ. లోపు పొట్టి గ్లాసు, రాక్స్ గ్లాసు. ఈ రెండూ రేపు మంచినీళ్లకీ జ్యూసుకీ పనికొస్తాయి, ఎక్కడ పెట్టాలన్న బెంగ ఉండదు.

ఇక ఎనిమిది కాక్‌టెయిల్స్ ఎందుకండీ? రెండు చాలు, సరదాకి మూడోది.

మొదటిది పలోమా. మెక్సికోలో జనం రోజూ తాగే టెకీలా డ్రింక్ ఏదంటే నేను మార్గరీటా కంటే ముందు దీని పేరే చెప్తాను. పొడవు గ్లాసు నిండా ఐస్, టెకీలా 50 మి.లీ., కాస్త నిమ్మరసం, చిటికెడు ఉప్పు, పైన 100 మి.లీ. గ్రేప్‌ఫ్రూట్ సోడా. ఒక్కసారి స్పూన్‌తో కిందనుంచి పైకి లేపితే అయిపోయింది. షేకర్ అక్కర్లేదు, మీరు కూడా అక్కర్లేదు. టేబుల్ మీద అన్నీ పెట్టి, 50 మి.లీ. కొలత కప్పు ఒకటి బాటిల్‌కి దారంతో కట్టేయండి. కట్టడం ముఖ్యం, లేకపోతే పది నిమిషాల్లో మాయమైపోతుంది. ఎవరికి వాళ్లే కలుపుకుంటారు. గ్లాసు నిండుగా కనిపిస్తుంది, లోపల మందు మాత్రం ఒక్క కొలతే. గ్రేప్‌ఫ్రూట్ సోడా దొరక్కపోతే తాజా రసం, ప్లెయిన్ సోడా సమానంగా, ఓ రెండు స్పూన్ల పంచదార పాకం.

రెండోది మార్గరీటా, కానీ జగ్గులో. 750 మి.లీ. బాటిల్ టెకీలా మొత్తం, 300 మి.లీ. ట్రిపుల్ సెక్, 300 మి.లీ. నిమ్మరసం. ఐబీఏ కొలత కంటే పులుపు కాస్త ఎక్కువ, నా నాలుక అంతే. షేక్ చేయట్లేదు కాబట్టి ఐస్ కరిగి రావలసిన నీళ్లు మనమే పోయాలి, 250 మి.లీ. చాలామంది ఇది మర్చిపోయి, 'ఇంత ఘాటుగా ఉందేంటి' అని చక్కెర పోస్తూ పోతారు. టెకీలా, ట్రిపుల్ సెక్, నీళ్లు ముందురోజే కలిపి ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చు. నిమ్మరసం మాత్రం ఆ రోజు మధ్యాహ్నం పిండినదే. జగ్గుకి 15 గ్లాసులు వస్తాయి.

మూడోది బతాంగా. టెకీలా ఊళ్లో లా కపీయా అనే చిన్న బారుంది. దాని యజమాని దోన్ హవియేర్ దెల్‌గాదో కొరోనా సృష్టి ఇది. ఆయన 2020లో పోయారు. అంచుకి ఉప్పు, ఐస్, నిమ్మరసం, టెకీలా, పైన కోలా, అంతే. తమాషా ఎక్కడంటే దాన్ని స్పూన్‌తో కలపరు, నిమ్మకాయలు కోసిన పెద్ద వంటింటి కత్తితోనే కలుపుతారు. మీ వారి స్నేహితుల్లో హడావుడి చేసేవాళ్లు ఒకరు ఉంటారు కదా, వాళ్లకి ఆ కత్తి అప్పజెప్పండి.

సన్‌రైజ్ వద్దు. ఆరెంజ్ జ్యూసు మీద గ్రెనడీన్ సిరప్, తీపి మీద తీపి. ఫొటో తీసుకున్నాక సగం గ్లాసులు గోడ మీదే మిగులుతాయి.

మీ 'గోల్డ్' బాటిల్ సంగతి. లేబుల్ తిప్పి చూడండి, '100% అగావే' అని ఉందా? అగావే అంటే టెకీలా తీసే కిత్తనార జాతి మొక్క. ఆ మాట లేకపోతే మెక్సికో రూలు ప్రకారం అందులో చక్కెరలు 51 శాతం అగావే నుంచి వస్తే చాలు, మిగతాది చెరకు లాంటి వాటిదైనా పరవాలేదు. గోల్డ్ అని అమ్మేవాటిలో చాలావాటికి ఆ రంగు పీపాలో వచ్చింది కాదు, కేరమెల్ కలిపితే వచ్చింది. కోలాతో బతాంగాకి ఆ బాటిల్ వాడేయండి, ఎవరికీ తేడా తెలీదు. పలోమాకీ మార్గరీటాకీ 100% అగావే బ్లాంకో తీసుకోండి. పీపాలో నానబెట్టని తెల్లటి టెకీలా అది. నిమ్మరసం ముందు అగావే వాసన నిలబడాలంటే అదే మేలు. రెపోసాదో కనీసం రెండు నెలలు, అన్యేహో కనీసం ఏడాది ఓక్ పీపాల్లో ఉంటాయి. అన్యేహో ఎవరైనా గిఫ్టుగా తెస్తే సోడాలో పోసి పాడుచేయకండి. సన్నటి వైన్ గ్లాసులో కొంచెం పోసి ఐస్ లేకుండా మీ వారికివ్వండి. దానికోసమని రీడెల్ అనే ఆస్ట్రియా గ్లాసుల కంపెనీ, మెక్సికో టెకీలా నియంత్రణ మండలి కలిసి పొడవు కాడ గ్లాసొకటి తయారుచేశాయి. మీ ఇంట్లో షాంపేన్ గ్లాసుంటే దానికి అదే దగ్గర చుట్టం.

ఇంత చెప్పినా 'కంటికి మెక్సికోలా కనబడాలి' అంటారా, గ్వాదలహారా పక్కనే త్లాకెపాకె, తొనలా ఊళ్లలో నోటితో ఊది చేసే గాజు గ్లాసులుంటాయి. అంచుకి ముదురు నీలం గీత. నా దగ్గర కొన్ని మిగిలాయి. ఏ రెండూ ఒకే ఎత్తులో ఉండవు, గాజులో చిన్న చిన్న బుడగలు చిక్కుకుపోయి ఉంటాయి, చేతికి బరువుగా తగులుతుంది. అడుగున ఊదుడు కడ్డీ విరిచిన చోట గరుకు మచ్చ ఒకటుంటుంది, అది పాలిష్ చేసిన బల్ల మీద గీతలు పెడుతుంది. కింద గుడ్డ వేసుకోవాలి. ఈ తరహావి ఎక్కడైనా దొరికితే ఆరు తెచ్చి కేకు టేబుల్ మీద పెట్టండి, 24 మందికీ వద్దు.

చిట్టిచిలక:

అయ్యో, ఇంత ఓపికగా రాశారు, చాలా థాంక్సండీ. కార్ట్ ఖాళీ చేశాను. మా ఆడపడుచు ముఖం కాస్త చిన్నబుచ్చుకుంది.

ఇంకో మూడు సందేహాలు. మట్టి కప్పుల గురించి చెప్పలేదు మీరు. అంచుకి ఉప్పు నేను పూస్తే ముద్దలు ముద్దలుగా అంటుకుని అసహ్యంగా వస్తోంది. మూడోది, తాగని ఆరుగురికి ఏం పెట్టాలి? వాళ్లకి కోలా సీసా చేతికిచ్చి ఓ మూల కూర్చోబెట్టినట్టు ఉండకూడదు.

అన్నట్టు, తోరణాలతో పాటు 'సింకో దె మాయో' అని బ్యానర్ ఒకటి వచ్చింది. మా పార్టీ సెప్టెంబరు 14న. కట్టేయొచ్చా?

హలీస్కో_రిటర్న్:

బ్యానర్ తీసేయండి. అది మే 5. 1862లో పుయెబ్లా దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని మెక్సికన్లు ఓడించిన రోజు. స్వాతంత్ర్య దినం సెప్టెంబరు 16. 1810లో దొలోరెస్ ఊళ్లో ఇదాల్గో అనే క్యాథలిక్ ఫాదరీ, అక్కడి చర్చి గంట కొట్టి తిరుగుబాటుకి పిలుపిచ్చిన రోజు అది. ఏటా 15 రాత్రి దేశాధ్యక్ష పదవిలో ఉన్నవారు రాజధానిలో నేషనల్ ప్యాలెస్ బాల్కనీలోంచి ఆ పిలుపే మళ్లీ ఇస్తారు, ఊరూరా టపాసులు. అంటే మీ పార్టీ పండగకి ఒక్కరోజు ముందు! ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు కాగితాలు కడితే చాలు, థీమ్ దానంతటదే కుదిరిపోతుంది.

ఆ మూడు జెండా రంగుల్లోనే 'బాందేరా' (అంటే జెండా) అని ఒక వరస ఉంది. కబయీతో అనే సన్నటి నిలువు చిట్టి గ్లాసులు మూడు పక్కపక్కన పెడతారు, ఒక్కోటి 60 మి.లీ. లోపే. ఒకదాంట్లో నిమ్మరసం, ఒకదాంట్లో టెకీలా బ్లాంకో, ఒకదాంట్లో సంగ్రీతా. నారింజ రసం, దానిమ్మ, మిరపకారం కలిస్తే వచ్చే ఎర్రటి పుల్లటి కారపు రసం సంగ్రీతా, అందులో మందు ఉండదు. మూడూ మార్చి మార్చి గుటకలేస్తారు. చేతి మీద ఉప్పు నాకి, టెకీలా ఒక్క దెబ్బకి గొంతులో పోసుకుని నిమ్మచెక్క కొరకడం సినిమాల్లో బాగుంటుంది కానీ మంచి టెకీలాకి ఆ శిక్ష ఎందుకు? కేకు కోసేటప్పుడు మీ ఇద్దరికీ ఒక్కో బాందేరా పెట్టుకోండి.

ఇప్పుడు మట్టి కప్పులు. నిజమైన వాడకమే, దాన్ని కాంతారీతో అంటారు. టెకీలాకి వెళ్లే దారిలో అమతితాన్ దగ్గర రోడ్డు పక్కన ఇవే అమ్ముతారు. కప్పుని ముందు చల్లటి నీళ్లలో నానబెట్టి తీస్తాడు. మట్టి నీళ్లు పీల్చి ముదురు రంగుకి తిరిగి, పట్టుకుంటే చెయ్యి చల్లబడుతుంది. అంచుకి కారం కలిపిన ఉప్పు. నారింజ సగం, నిమ్మకాయ సగం, గ్రేప్‌ఫ్రూట్ ముక్క, మూడూ అందులోనే పిండి, తొక్కలు కూడా కొందరు అందులోనే పడేస్తారు. చిటికెడు ఉప్పు, ఐస్, టెకీలా, మిగతా ఖాళీలో గ్రేప్‌ఫ్రూట్ సోడా. బయట తేమ పట్టిన కప్పు, లోపల పులుపు, పెదవికి తగిలే తడిమట్టి వాసన. వేసవి మధ్యాహ్నం అది తాగుతుంటే లేవబుద్ధి కాదు.

కానీ జాగ్రత్త ఒకటుంది. లోపల నిగనిగలాడే పూత ఉన్న మట్టి కప్పు, అది సీసం లేని పూత అని కచ్చితంగా తెలిస్తే తప్ప కొనకండి. మెక్సికోలో తరతరాలుగా వాడిన మెరుపు పూతలో సీసం ఉండేది, ఇప్పటికీ కొన్నిచోట్ల వాడుతున్నారు. నిమ్మ, నారింజ లాంటి పులుపు తగిలితే ఆ సీసం ద్రవంలోకి దిగుతుంది. పూత లేని వట్టి మట్టి కప్పైతే ఈ బాధ లేదు. దాన్ని సబ్బుతో కడగకూడదు, మట్టి సబ్బుని కూడా పీల్చుకుంటుంది. అలంకారానికే కొన్నవైతే వాటిలో పూలు పెట్టండి, డ్రింక్ పోయకండి.

ఉప్పు విషయం. ముద్దలు ఎందుకొస్తున్నాయంటే మీరు అంచుని నీళ్లలోనో రసంలోనో ముంచుతూ ఉండుంటారు. ముంచొద్దు. నిమ్మచెక్కకి చిన్న గాటు పెట్టి, గ్లాసు అంచుకి బయటివైపు మాత్రమే, సగం చుట్టు మాత్రమే, ఒకసారి రాయండి. పళ్లెంలో గరుకు ఉప్పు పల్చగా పరచండి. టేబుల్ మీద వాడే మెత్తటి ఉప్పు వద్దు, అదే పేస్టులా అంటుకుంటుంది. గ్లాసుని పడుకోబెట్టినట్టు వాల్చి, తడి భాగాన్ని ఉప్పు మీద దొర్లించండి. తలకిందులుగా పట్టుకుని అడుగున ఒక్క తట్టు తట్టండి, వదులుగా ఉన్న రేణువులు రాలిపోతాయి. లోపలికి వెళ్లినవి వేలితో తుడిచేయండి, లేకపోతే అవి డ్రింక్‌లోకి దిగి చివరి గుటక ఉప్పునీళ్లవుతుంది. ఇదంతా పార్టీకి ఓ గంట ముందే చేసి ఆరనిస్తే గట్టిగా పట్టుకుంటుంది. సగం చుట్టే ఎందుకంటే ఉప్పు వద్దనుకున్నవాళ్లు గ్లాసు తిప్పి తాగుతారు. కొన్నిటికి ఉప్పు బదులు తహీన్ లాంటి కారం, నిమ్మ, ఉప్పు పొడి పూస్తే ఎర్రగా కంటికి కూడా బాగుంటుంది.

తాగనివాళ్లకి ఆగ్వా దె హమైకా. ఎండబెట్టిన ఎర్ర హైబిస్కస్ (మందారం కాదు, గోంగూర జాతి) పూలని అక్కడ హమైకా అంటారు. రెండు లీటర్ల నీళ్లకి ఒక కప్పు పూలు, మరిగించి ఓ ఇరవై నిమిషాలు మూతపెట్టి, వడగట్టి, చక్కెర కలిపి బాగా చల్లబెట్టండి. పుల్లగా, ముదురు ఎరుపు రంగులో ఉంటుంది. మెక్సికోలో దీన్ని విత్రొలేరో అనే బుడ్డలాంటి పెద్ద గాజు జాడీలో పోసి గరిటెతో వడ్డిస్తారు. మీ దగ్గరున్న ఏ పెద్ద గాజు జాడీ అయినా సరే. తెల్ల టేబుల్‌క్లాత్ మాత్రం వేయకండి, ఆ మరక వదలదు. ముఖ్యమైనది ఇంకోటి: వాళ్లకీ అదే పొడవు గ్లాసు, అదే కారం అంచు, అదే నిమ్మచెక్క. ఎవరి చేతిలో ఏముందో దూరం నుంచి తెలీకూడదు. అప్పుడు 'ఒక్కటి పుచ్చుకోండి బావగారూ' అని మీ మావగారిని బలవంతపెట్టేవాళ్లు కూడా ఉండరు.

మాటకారి:

అన్నా, ఒప్పుకున్నాను గానీ ఫ్రోజెన్ మార్గరీటాని కూడా మెక్సికో కాదంటావా ఏంటి?

హలీస్కో_రిటర్న్:

యంత్రం మాత్రం కాదు తమ్ముడూ. 1971లో డాలస్‌లో మరియానో మార్టినెజ్ అనే రెస్టారెంట్ యజమాని, సాఫ్ట్ ఐస్‌క్రీమ్ మెషీన్‌ని మార్చి దాన్ని తయారుచేశాడు. ఆ మెషీన్ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వాళ్ల అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది. తాగడానికి నాకూ ఇష్టమే. కానీ ఇంటి బ్లెండర్‌లో ఒక్క విడతకి నలుగురికే వస్తుంది, రెండు నిమిషాల్లో ఐస్ పైకి, నీళ్లు కిందికి విడిపోతాయి, చల్లదనానికి తీపి తెలీక చక్కెర ఇంకా పోయాలి. పైగా ఆవిడ కౌంటర్ వెనక ఉండనని ముందే చెప్పారు.

ఐస్‌బకెట్:

హోటల్ బార్‌లో చాన్నాళ్లు పనిచేశాను కాబట్టి లెక్కల సంగతి నేను చెప్తా మేడమ్.

తాగేవాళ్లు 18 మంది, నాలుగు గంటలు. కొందరు రెండుతో ఆపేస్తారు, కొందరు నాలుగు దాటుతారు, 60 గ్లాసులనుకోండి. 50 మి.లీ. చొప్పున 3 లీటర్లు, అంటే 750 మి.లీ. బాటిళ్లు నాలుగు. రెండు జగ్గుల్లోకి, రెండు పలోమాకి. ట్రిపుల్ సెక్ ఒక బాటిల్. గ్రేప్‌ఫ్రూట్ సోడా 5 లీటర్లు. నిమ్మకాయలు పెద్దవైతే 50, చిన్నవైతే దాదాపు రెట్టింపు. గ్లాసులు మనిషికి ఒకటిన్నర చొప్పున 36 ఉండాలి, ఎందుకంటే సగం మంది తమ గ్లాసు ఎక్కడో పెట్టి కొత్తది తీసుకుంటారు. 24 పొడవువి, 12 పొట్టివి.

అందరూ తక్కువ తెచ్చేది ఐస్. మనిషికి కిలో. ఎక్కువనిపిస్తుంది కానీ సగం సోడా సీసాలు చల్లబెట్టడానికే పోతుంది. తాగే ఐస్, సీసాల ఐస్ వేరు వేరు డబ్బాల్లో పెట్టండి.

ఒక్క రూలు మాత్రం గట్టిగా చెప్పండి అందరికీ: గ్లాసుతో ఐస్ తోడకూడదు. గాజు అంచు చిట్లితే ఆ ముక్క ఐస్‌లో కనబడదు. బార్‌లో అలా జరిగితే ఆ డబ్బాలో ఐసంతా పారబోసి, వేడినీళ్లతో కడిగి మళ్లీ నింపుతాం, ఏరుకుంటూ కూర్చోం. ఒక స్టీలు గరిటె డబ్బాలోనే ఉంచేయండి. అలాగే వేడినీళ్లలో కడిగిన గ్లాసులో వెంటనే ఐస్ పోయకండి, చిట్లుతుంది. పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే మేడైతే పొట్టి గ్లాసులు గాజువి కాకుండా గట్టి ప్లాస్టిక్‌వి తీసుకోవడం నయం.

తోకచుక్క:

చర్మ వైద్యంలో ఉన్నాను కాబట్టి ఒక మాట. నాలుగున్నరకి మేడ మీద ఇంకా ఎండ ఉంటుంది. నిమ్మరసం అంటిన చేతులతో ఎండలో నిలబడితే కొందరికి ఒకట్రెండు రోజుల్లో ఎర్రగా కందిపోయి బొబ్బలొస్తాయి, తర్వాత గోధుమరంగు మచ్చలు వారాల తరబడి ఉంటాయి. నిమ్మతొక్కలో ఉండే పదార్థాలు సూర్యకాంతితో కలిసి చేసే పని అది. బార్‌టెండర్లకీ, బీచ్ పార్టీల్లో నిమ్మకాయలు పిండేవాళ్లకీ వస్తుంటుంది. కాయలన్నీ వంటింట్లో పిండి, సబ్బుతో చేతులు కడుక్కునే పైకి వెళ్లండి.

రెండోది, గ్రేప్‌ఫ్రూట్. సిమ్వాస్టాటిన్, అటార్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మందులు, కొన్ని బీపీ మందులు వాడేవాళ్లకి ఇది పడదు, మందు రక్తంలో మోతాదుకి మించి పెరగొచ్చు. మాత్ర పొద్దున వేసుకున్నాం కదా అంటే కుదరదు, ఆ ప్రభావం ఒక రోజు పైనే ఉంటుంది. మావగారికి టెకీలా లేని పలోమా ఇద్దామని మీకు తోచినా, ముందు ఆయన మాత్రల చీటీ చూడండి. పలోమా టేబుల్ మీద 'ఇందులో గ్రేప్‌ఫ్రూట్ ఉంది' అని కాగితం పెడితే ఇంకా మంచిది. డ్రైవ్ చేసి వెళ్లేవాళ్ల సంగతి మీకు చెప్పనక్కర్లేదనుకుంటా.

చిట్టిచిలక:

డాక్టరుగారూ, మంచి మాట చెప్పారు. మావగారు అటార్వాస్టాటినే వాడుతున్నారు, ఇప్పుడే చూశాను. ఆయనకి హమైకా ఖాయం.

ఆర్డర్ పెట్టేశాను: 24 పొడవు గ్లాసులు, 12 పొట్టివి ప్లాస్టిక్‌లో, కబయీతోలు ఆరు. బ్యానర్ మడతపెట్టి లోపల పెట్టేశాం. మా ఆడపడుచు ఇప్పుడు మూడు రంగుల కాగితాలు కత్తిరిస్తూ కూర్చుంది, బతాంగా కత్తి మాత్రం తనదేనట.

ఆఖరి ప్రశ్న. జగ్గులో మార్గరీటా ఎంతసేపు నిలబడుతుంది? రెండు జగ్గులూ ఒకేసారి కలిపేయనా?

హలీస్కో_రిటర్న్:

టెకీలా, ట్రిపుల్ సెక్, నీళ్లు రెండు జగ్గుల్లోనూ ముందురోజే కలిపి పెట్టుకోండి. నిమ్మరసం మధ్యాహ్నం మూడింటికి పిండి ఫ్రిజ్‌లో ఉంచి, మొదటి జగ్గులో నాలుగింటికి, రెండోదాంట్లో మొదటిది సగమయ్యాక పోయండి. పిండిన నాలుగైదు గంటలదాకా రుచికి ఢోకా లేదు. మర్నాటికి చేదెక్కుతుంది, కాబట్టి రెండో జగ్గు అవసరపడకపోతే రసం పోయకుండా అలాగే మూతపెట్టి ఉంచేయొచ్చు.

జగ్గులో ఐస్ వేయకండి, గ్లాసులోనే. పోసే ముందు ప్రతిసారీ ఒకసారి కలపండి, నిమ్మగుజ్జు అడుక్కి దిగుతుంది.